పటముపై గీత గీయుటకు ముందు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



2023 జనవరి మొదటి వారములో తెలంగాణములోని కామారెడ్డి పట్టణమున రైతులు పెద్ద సంఖ్యలో కలెక్టరు కార్యాలయము ఎదుట కూర్చుండిరి. వారు అడిగినది నీరు కాదు, ఎరువు కాదు, గిట్టుబాటు ధర కాదు. ఒక పటమును రద్దు చేయుమని అడిగిరి. పట్టణము రాబోవు కాలములో ఏ దిక్కునకు ఎట్లు పెరుగవలెనో నిర్ణయించు బృహత్ప్రణాళిక, అనగా జనులందరు మాస్టరు ప్లాను అనునది, అంతకు కొలది వారముల ముందు ముసాయిదాగా ప్రకటింపబడెను. పురపాలక సంఘములో కలిసిన చుట్టుపట్ల గ్రామముల పంట భూములలో కొన్నింటికి ఆ పటములో పరిశ్రమల మండలమని రంగు పడెను. మరికొన్నింటి గుండ రాబోవు రహదారుల గీతలు పోయెను. ఆ ఆందోళన నడుమ ఒక రైతు ప్రాణము తీసికొనెను. భూమి పోవునన్న దిగులే కారణమని ఆతని వారు చెప్పిరి. ఆ నెల 20వ తేదీన పురపాలక సంఘము సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయవలెనని తీర్మానించెను. ఆ దినములలోనే జగిత్యాలలో ఇట్టి ముసాయిదాపైననే ఇట్టి ఆందోళనయే లేచి, అచ్చటి ప్రణాళికయు విరమింపబడెను.

ఆ పటమును గీసినవారు దుర్మార్గులని ఎంచనక్కరలేదు. పట్టణము పెరుగుచున్నది, రోడ్లు కావలెను, కార్ఖానాలకు చోటు కావలెను, వాననీరు పోవుటకు దారి కావలెను. వీనినన్నింటిని ముందుగా యోచించువాడు ఊరికి మేలు చేయువాడే. అయినను ఒక కాగితముపై పడిన రంగు ఒక కుటుంబమును ఇంతగా భయపెట్టుటకు కారణమేమి?

పరిశ్రమల మండలమని వ్రాయబడిన చేనిలో పంట పండించుటకు వెంటనే అడ్డులేదు. పట్టా రైతు పేరనే యుండును. కాని రేపు కుమారుడు వేరుపడి ఆ చేని గట్టున ఇల్లు కట్టుకొందునన్నచో అనుమతి దొరకుట కష్టము. రోడ్డు గీత పోయిన చేనిని కొనుటకు ఎవరును ముందుకు రారు. కూతురి పెండ్లికి ఎకరము అమ్మవలసి వచ్చినపుడు బేరమే రాదు. ఆ గీత పదియేండ్లు పటముమీదనే పడియుండవచ్చును. రోడ్డు ఎన్నటికిని పడకపోవచ్చును. ఆ పదియేండ్లును చేను కట్టుగొయ్యకు కట్టిన పశువువలె నుండును. పట్నవాసపు ఇంజనీరుకు అది ఒక గీత. ఆ గీత క్రింద ఎవరి బావి యున్నదో, ఎవరి పెద్దల సమాధి యున్నదో ఆతనికి తెలియదు. ఆతడు అడుగలేదు కనుక తెలియలేదు. ఈ ప్రసంగమంతయు ఆ అడుగుటను గురించియే.

ఎచ్చట ఇండ్లు కట్టవలెను, ఎచ్చట అంగళ్ళు పెట్టవలెను, ఎచ్చట యంత్రములు నడుపవలెను అను నియమమును నేటివారు జోనింగు అందురు. వీధి వెడల్పు ఎంత, ఇల్లు ఎంత ఎత్తు, ప్రక్కయింటికిని దీనికిని నడుమ ఎంత ఖాళీ అనునవి దానికి తోడుబోయిన నియమములు. ఇది క్రొత్త సంగతి యనుకొనరాదు. పాత తెలుగు పల్లెను చూచినవారికి ఈ విషయము తెలియును. కుమ్మరి ఆవము పూరిండ్లకు దూరముగా నుండెడిది, నిప్పురవ్వ ఎగురునని. చాకిరేవు త్రాగునీటి బావికి పల్లమున నుండెడిది. కల్లములు గాలి వీచు మెరకన, వల్లకాడు ఊరి చివర. చెరువు శిఖములో ఇల్లు కట్టినవానిని చూచి ఊరు నవ్వెడిది. ఒక వానాకాలము గడచిన పిదప ఆ ఇల్లే యుండెడిది కాదు. ఈ నియమములను ఏ కార్యాలయమును అచ్చువేయలేదు. గాలిని, పల్లమును, నిప్పును ఎరిగినవారు వానిని ఏర్పరచుకొనిరి.

అయితే ఆ పాత నియమములోని రెండవ ముఖమును దాచిపెట్టరాదు. మాలపల్లెను, మాదిగపల్లెను ఊరికి వెలిగా నుంచినదియు అట్టి నియమమే. ఊరివారు కూడి నియమము చేసిరనుట ఎంత నిజమో, ఆ కూడినవారిలో పల్లెవారు లేకపోయిరనుట అంతే నిజము. కావున ‘ప్రజలను అడుగవలెను’ అనుటతో పని తీరదు. ఏ ప్రజలను అను ప్రశ్న వెంటనే ఎదురగును.

ఇప్పటి చట్టము మాటకు వత్తము. మదరాసు రాజధానిలో పట్టణ ప్రణాళికా చట్టము 1920లో వచ్చెను. పేరు మార్చుకొని అది తెలుగు రాష్ట్రములు రెండింటను నేటికిని నిలిచియున్నది. దాని మార్గము సులభముగా చెప్పవచ్చును. మొదట అధికారులు ప్రణాళిక తయారుచేయుదురు; దానిని ముసాయిదాగా ప్రకటింతురు; గడువు పెట్టి అభ్యంతరములు పిలుతురు; వానిని విచారించిన పిదప ప్రభుత్వమునకు పంపుదురు; ప్రభుత్వము ఆమోదించినచో అది శాసనమగును. కాగితముపై చూచిన ఇందులో లోపము కనబడదు. పౌరుని నోరు నొక్కలేదు, చెప్పుకొనుటకు గడువిచ్చిరి.

కాని ఆ పౌరుడు కార్యాలయమునకు పోయి చూచునదేమి? గోడకు వ్రేలాడు ఒక రంగుల పటము. అందులో ఊరంత స్థలము అరచేయంత యుండును. తన సర్వే నంబరు ఎచ్చటనో కనబడదు. కనబడినను అక్షరము చీమంత. వివరణ ఆంగ్లములో నుండును. ఎర్రనిదేమి, ఊదానిదేమి యని అడుగుటకు గుమాస్తా తీరికగా నుండడు. దిగులుతో ఇంటికి వచ్చి ఒక అర్జీ వ్రాయించును: ‘నా భూమిని తీసివేయుడు’ అని. అందరును అదే వ్రాయుదురు. అధికారికి అది స్వార్థముగా కనబడును. పటము పూర్తియైనందున, ఒక గీతను జరిపినచో పది గీతలు జరుపవలసి వచ్చును. ఆతడు జరుపుటకు ఇష్టపడడు. ఇరువురిలో ఏ ఒక్కరిని తప్పుపట్టినను సమస్య తీరదు. అడుగుట ఆలస్యమైనది, అంతే. వంట దించిన పిదప ఉప్పు ఎంత వేయవలెనని అడిగినట్లున్నది.

ముందుగా అడిగినచో ఏమగునో చూపిన వాడొకడు నూరేండ్లకు పూర్వమే ఈ దేశమునకు వచ్చెను. ఆయన పేరు పాట్రిక్ గెడ్డిస్. స్కాట్లండువాడు, 1854లో జన్మించెను, వృత్తిచే వృక్షశాస్త్రాచార్యుడు. చెట్టును చూచినట్లే ఊరినిగూడ బ్రతికియున్న వస్తువుగా చూచుట ఆయనకు అలవడెను. మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పిలుపుపై 1914లో బయలుదేరెను. ఆ సంవత్సరమే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినదను సంగతి ఈ సభలో స్మరింపదగినది. నగర నిర్మాణమును గురించి ఆయన ఏండ్లతరబడి కూర్చిన పటములు, చిత్రములు వేరొక ఓడలో వచ్చుచుండగా, మదరాసుపై గుండ్లు కురిపించిన ఆ ఎండెన్ నౌకయే దానిని ముంచివేసెను. స్నేహితులు స్వదేశమున మరల కూర్చి పంపిన సామగ్రితో 1915 ఆరంభమున మదరాసులో ప్రదర్శన జరిగెను.

అటుపిమ్మట ఆయన రాజధానిలోని పట్టణములను చూచుటకు బయలుదేరెను. మధుర, తంజావూరు, బళ్ళారి మొదలగువానిపై నివేదికలు వ్రాసెను. ఆయన పద్ధతి ఒక్కటే: నడచుట. పటము తెరచుటకు ముందు వీధులన్నియు కాలినడకను తిరిగి, ఏ సందులో జనము నిలుచుందురు, ఏ చెట్టు క్రింద ముసలివారు కూర్చుందురు, ఏ ఇల్లు కూలినది, ఏది పాతదైనను గట్టిగా నున్నది అని చూచెడివాడు. వైద్యుడు నాడి చూడక మందీయరాదని ఆయన వాదము. తంజావూరు కోటలో ఇరుకుగా నున్న పేటను బాగుచేయుటకు పురపాలకులు గళ్ళ చీరవలె తిన్నని వీధులు గీచి, ఆ గీతల క్రింద పడిన ఇండ్లనెల్ల తీసివేయదలచిరి. గెడ్డిస్ అదే పేటను తిరిగి చూచి, పాడుపడిన కొలది ఇండ్లను మాత్రము తీసి, అచ్చటచ్చట చిన్న ఖాళీలు విడిచి, చెట్లు నాటి, ఉన్న సందులనే కొంచెము వెడల్పు చేసినచో గాలియు వెలుతురును వచ్చునని చూపెను. దాని ఖర్చును పురపాలకుల లెక్కలో కొద్ది భాగమే. వీధిని తిన్నగా చేయుట కొరకు కాపురముండు ఇల్లు పడగొట్టుట ఆయనకు రోగమును విడిచి రోగిని కోయుటగా తోచెను.

ఇందూరు సంస్థానములో జరిగినది ఇంకను వినదగినది. దానిని తెలుగువారు ఇండోరు అనియు అందురు. 1917–18 ప్రాంతమున హోల్కరు మహారాజు ఆయనను పిలిపించెను. పట్టణము మహామారితో, అనగా ప్లేగుతో బాధపడుచుండెను. గెడ్డిస్ పటములు చేతబట్టి వీధులలో తిరుగుచుండగా జనులు ఆయనను చూపి గుసగుసలాడిరి. ఏమనుచున్నారని తోడివానిని అడుగగా, ప్లేగును తెచ్చు ముసలి దొర వీడే యనుచున్నారని ఆతడు చెప్పెను. ఇది వట్టి అజ్ఞానమని త్రోసివేయుటకు వీలులేదు. ప్లేగు వచ్చినప్పుడెల్ల దొరలు వచ్చి ఇండ్లు పడగొట్టుట జనులు చూచియుండిరి. పటము చేతబట్టినవాడు వచ్చినచో ఇల్లు పోవునని వారి అనుభవము. కామారెడ్డి రైతు భయమునకును దీనికిని నడుమ నూరేండ్లు గడచినవి. భయము మాత్రము మారలేదు.

గెడ్డిస్ ఆ మాట విని కోపగింపలేదు. తనను ఒక్క దినము మహారాజుగా నుండనిమ్మని కోరి అనుమతి పొందెను. దీపావళికి ఒక పెద్ద ఊరేగింపు జరుగునని చాటింపు వేయించెను. అది ఏ వీధిని పోవలెను? హిందువుల ఊరేగింపు పోవు దారి ఒకటి, మహమ్మదీయుల ఊరేగింపు పోవు దారి ఒకటి వాడుకలో నుండెను. ఈ రెండును కాక, ఏ వీధివారు తమ ఇండ్లను ఎక్కువగా మరమ్మతు చేసి శుభ్రపరచుకొందురో ఆ వీధిని ఊరేగింపు పోవునని నియమము చేసిరి. చెత్త తీసికొనిపోవుటకు ఉచితముగా బండ్లు పెట్టిరి. ఆయన వ్రాసినదానిని బట్టి ఆరువేల బండ్లకు పైగా చెత్త ఇండ్లనుండియు పెరళ్ళనుండియు కదలినది. ఆ కొన్ని వారములు ఊరంతయు సున్నము, వెల్లకుంచెలు, వడ్రంగి చప్పుళ్ళు. ఎవని ఇల్లును ఎవడును పడగొట్టలేదు.

ఊరేగింపులో మొదట సంస్థానపు గుఱ్ఱములు, ఏనుగులు, ఏనుగుపై లక్ష్మి. పిదప ఏడ్పు వాద్యములతో రోగపిశాచములు, కూలిన ఇండ్ల బొమ్మలు, పెద్ద దోమ, మనుష్యప్రమాణమైన ఎలుక. దాని పిమ్మట సంగీతము మారెను. తెల్లని బట్టలు కట్టి, మెడలో పూలదండలు వేసికొని, చేత క్రొత్త చీపుళ్ళు పట్టిన పాకీవారు వరుసలు కట్టి వచ్చిరి. వారి బండ్లకు రంగులు పూసిరి, ఎడ్ల కొమ్ములకును పూసిరి. పురపాలకాధ్యక్షుడు చుట్టుకొను రంగు తలపాగాయే వారికిని చుట్టిరి. దాని వెనుక నగరలక్ష్మి. ఆమె వెంట నగర ప్రణాళికను చూపు ధ్వజము. కట్టబోవు గ్రంథాలయమునకును, పేదల ఇండ్లకును నమూనాలు బండ్లమీద సాగినవి. వేలాది తులసి మొక్కలు ఇంటింటికి పంచిరి. చివరకు ఎలుకను, మురికి రాక్షసుని మైదానమున తగులబెట్టిరి.

ఇది వేడుకకు చెప్పు కథ కాదు. గెడ్డిస్ ఇండోరు నివేదికను 1918లో రెండు సంపుటములుగా అచ్చువేసెను. అది కొలదిమంది చదివియుందురు. కాని ధ్వజముపై వ్రాసిన పటమును ఊరంతయు చూచెను. తమ వీధి ఎచ్చటనున్నదో వ్రేలుపెట్టి చూపుకొనెను. కార్యాలయపు గోడకు వ్రేలాడిన పటమునకు ఆ భాగ్యము కలుగదు. అయినను గెడ్డిస్‌ను దేవునిగా చేయనక్కరలేదు. ఊరేగింపు దారిని జనులు నిర్ణయించిరి గాని నగర ప్రణాళికను ఆయనయే గీసెను. మహారాజు కొలువున నున్న నిపుణుడు ఆయన. కూడి తీర్మానించు సభ ఏదియు ఆయన వెనుక లేదు. పాకీవారికి ఆ దినము తలపాగా దొరకెను; మరునాడు చీపురే మిగిలెను. ఆ తరువాత కొలది ఏండ్లకు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థలము చూచి 1923లో నివేదిక ఇచ్చినదియు ఈయనయే. 1932లో మరణించెను.

నిపుణుని దయపై ఆధారపడక జనులే ఎదిరించి, ఎదిరించుటతో ఆగక తమ పటమును తామే గీసిన దృష్టాంతము అమెరికాలో కలదు. న్యూయార్కు నగరము 1916లోనే నగరమంతటికి జోనింగు నియమములు చేసిన ఊరు. 1961లో ఆ నగరపు పాలకులు వెస్టు విలేజి అను పేటలోని 14 గృహసముదాయములు పాడుపడినవో లేదో పరిశీలింతుమని ప్రకటించిరి. పరిశీలన యను మాట మెత్తనిదే. పాడుపడినదని తేలినచో పేట మొత్తము తీసివేయవచ్చును. ఆ పేటలో జేన్ జేకబ్సు అను స్త్రీ కాపురముండెను. ఆమె ఇంజనీరు కాదు, పత్రికలో పనిచేయునది. వీధి అరుగుమీద నుండి పేటను చూచి, అంగళ్ళు ఇండ్లు కలిసియున్న వీధికే రాత్రివేళ రక్షణ యుండునని, పదిమంది కన్నులు వీధిమీద నుండుటయే కాపలా యని వాదించి అదే ఏట ఒక గ్రంథము ప్రకటించెను. అంగడి వేరు ఇల్లు వేరు అని రంగులు పూయు నాటి జోనింగునకు ఇది పూర్తిగా విరుద్ధము. అంగడిపైననే కాపురముండు తెనాలి వర్తకునికి ఈ మాట ఎవరును చెప్పనక్కరలేదు.

ఆమెయు పొరుగువారును ఇల్లిల్లు తిరిగి లెక్కలు కూర్చిరి. ఏ ఇంటిలో ఎందరున్నారు, ఎన్నేండ్లనుండి యున్నారు, మరమ్మతుకు ఎవరు ఎంత పెట్టిరి అని. 1962లో పాలకులు ఆ ప్రతిపాదనను విడిచిరి. జనులు అంతటితో ఇంటికి పోలేదు. పేటకు క్రొత్త ఇండ్లు కావలెనని వారికిని తెలియును. ఉన్నవారిలో ఒక్కరిని గూడ లేవగొట్టక, ఖాళీ స్థలములలో అయిదంతస్తుల ఇండ్లు కట్టు ప్రణాళికను తామే తయారుచేయించిరి. అవి కట్టబడుటకు పదియేండ్లకు పైగా పట్టెను; 1970ల నడుమ గాని పూర్తికాలేదు. కాదనుటకు ఒక్క ఏడు పట్టినది, అవునని కట్టుటకు పన్నెండేండ్లు! 1975లో నగర శాసనమును సవరించి, న్యూయార్కును 59 పేటలుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక పేట సంఘమును బలపరచిరి. భూవినియోగమున మార్పు తెచ్చు ప్రతి ప్రతిపాదనయు ఆ సంఘము ముందుకు రావలెను. వారు 60 దినములలో అభిప్రాయము చెప్పవలెను. అది సలహా మాత్రమే, త్రోసివేయుటకు పాలకులకు అధికారము కలదు. కాని బహిరంగముగా విన్న పిదప త్రోసివేయువాడు కారణము చెప్పవలసి వచ్చును.

ఈ దేశమున ఇటీవలి పెద్ద పాఠము బొంబాయిది. ఆ మహానగరపు అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా 2015 ఫిబ్రవరిలో వెలువడగా, 65 వేలకు పైగా అభ్యంతరములును సూచనలును వచ్చిపడెను. నిలిచియున్న కట్టడముల మీదుగా రోడ్డు గీతలు పోయినవి. కాపాడవలసిన ప్రాచీన భవనములు కొన్ని జాబితాలోనే లేవు. ఏప్రిలులో ముఖ్యమంత్రి దానిని తిరిగి సవరింపుమని ఆజ్ఞాపించెను. సవరించిన ముసాయిదా 2016లో వచ్చెను. మరల వేలకొలది ఉత్తరములు. 2018లో గాని ఆమోదము దొరకలేదు. ఏ వీధిలో ఏమున్నదో ఆ వీధివారిని ముందే అడిగియుండినచో, ఆ తప్పులలో సగమైన మొదటి నెలలోనే దొరికియుండెడివి. ప్రజలను అడుగుచు కూర్చున్నచో పని జరుగదను అధికారులు కలరు. అడుగక చేసిన పనికి పట్టిన కాలమును వారు లెక్కించుట లేదు.

చట్టములో చోటు లేదా యనిన, కలదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దానిచే చేరిన పన్నెండవ అనుబంధములో పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములు కలవు. మొదటిదే పట్టణ ప్రణాళిక. రెండవది భూవినియోగమును, కట్టడములను క్రమపరచుట. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములలో వార్డు సంఘములు ఉండవలెనని గూడ అందులోనే కలదు. అప్పగింపవచ్చును అను మాటకును అప్పగించిరి అను మాటకును ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు. పెక్కు పట్టణములలో ప్రణాళికా పటమును గీయునది నేటికిని పురపాలక సంఘము కాదు. వేరుగా ఏర్పడిన అభివృద్ధి సంస్థ, లేక దూరమున నున్న సలహాదారులు. చిన్న పట్టణములకు వార్డు సంఘముల బలమును లేదు. ఆ సంస్థల పరిధిలోనికి గ్రామములును వచ్చుచున్నవి. కావున ఇది పట్నమువారి సంగతి, పల్లెకేమి అనుకొనుటకు వీలులేదు. అభివృద్ధి సంస్థ ఎల్ల పల్లె పొలిమేర దాటిన నాడు, పటములో ఆ పల్లెకు ఏ రంగు పడునో ముందుగా తెలిసినవాడు భూమి కొనువాడే, తెలియనివాడు అమ్మువాడు.

ఇక ఏ ప్రజలను అడుగవలెనను ప్రశ్న. ఇండ్లు గలవారిని మాత్రమే అడిగినచో వారు తమ ఇండ్ల విలువను కాపాడు నియమములే కోరుదురు. అమెరికాలో బాల్టిమోరు నగరము 1910లో నల్లవారు తెల్లవారి వీధిలో కాపురముండరాదని నియమము చేసెను. ఇతర నగరములును అనుసరించినవి. 1917లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము అట్టి నియమములు చెల్లవనెను. అయినను పేటలవారు ఊరకుండలేదు. ఇంటిస్థలము ఇంతకు తగ్గరాదు, ఒక స్థలములో ఒక కుటుంబమే యుండవలెను అని నియమములు చేసిరి. జాతి పేరు ఎత్తలేదు. పేదవానికి మాత్రము అచ్చట చోటు లేకపోయెను. అదియు ప్రజాభిప్రాయమే! తెలుగునాట ఒక పేటలో తోపుడుబండ్లను తీసివేయవలెనని ఇండ్లవారు సంతకములు చేయుదురు; ఆ బండి వద్ద కూరలు కొనువారును వారే. అద్దె కాపురమువాడు, కూలి పనికి వచ్చి గుడిసె వేసికొన్నవాడు, బండి త్రోయువాడు ఆ సభలో కూర్చున్నగాని నియమము న్యాయముగా నుండదు. వారిని పగటివేళ పిలిచినచో రారు, కూలి పోవును. స్త్రీలను మాపటివేళ పిలిచినచో రారు, వంట యుండును. ఎవరిని పిలిచితిమి అనుటకంటె ఎప్పుడు పిలిచితిమి అనుటయే ముఖ్యమని ఇట్టి పనులు చేసినవారికి తెలియును.

ఈ పనికి గ్రంథాలయమువంటి చోటు ఊరిలో వేరొకటి కనబడదు. పంచాయతీ కార్యాలయము ఒక పక్షమువారిదని రెండవ పక్షమువారికి తోచును; గుడికి అందరు రారు. గ్రంథాలయములో పత్రిక చదువువాడును, చదివించుకొని వినువాడును ఒకే బల్ల దగ్గర కూర్చుందురు. ముసాయిదా ఎప్పుడో వచ్చునని కనిపెట్టుకొని యుండక, ఊరే తన పటమును ముందుగా తయారుచేసికొనవచ్చును. దానికి నిపుణుడు అక్కరలేదు. గ్రామపు సర్వే పటమును పెద్దదిగా వ్రాయించి బల్లపై పరచిన చాలును. వర్షము కురిసిన మరునాడు నీరు ఏ సందులో మోకాలిలోతు నిలిచినదో గురుతు పెట్టవలెను. చెరువు అలుగు పారినపుడు నీరు పోవు దారి ఏది, ఎవరి చేలలోనుండి పోవును. వరికోత యంత్రము ఏ మలుపు తిరుగలేక నిలిచిపోవును. బడిపిల్లలు పెద్ద రోడ్డును ఎచ్చట దాటుదురు. గొఱ్ఱెలు పోవు డొంక ఎచ్చట మూసుకొనిపోయినది. ఏ వీధికి అంబులెన్సు పోలేదు. ఇవన్నియు ఊరిలో అందరికి తెలిసిన సంగతులే, ఏ కాగితములోను లేని సంగతులు. పల్లెవాడలనుండి ఒకరు, ప్రతి వీధినుండి ఒక స్త్రీ, పై తరగతులు చదువు పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి రెండు నెలలు తిరిగినచో అది పూర్తియగును.

పటము గీయువారు సర్వేకు వచ్చిన దినముననే దానిని వారి చేతిలో పెట్టవలెను. వారు ముసాయిదా గీసిన పిదప కాదు. సర్వే చేయువాడు సాధారణముగా వయసు చిన్నవాడు, దూరదేశపువాడు, భాష రానివాడు. ఊరిని గురించి చెప్పువాడు దొరికినచో సంతోషించునే గాని కోపపడడు. ముసాయిదా వెలువడిన పిమ్మటనైన దానిని తెలుగులో వ్రాయించి, సర్వే నంబర్ల వారీగా ఎవరి భూమికి ఏ రంగు పడినదో జాబితా కట్టి, పొలమునుండి వచ్చినవారికి దీపము వెలుగున చదివి చెప్పవలెను. అభ్యంతరము వ్రాయునపుడు నా భూమిని తీసివేయుడు అని మాత్రము వ్రాయక, ఈ రోడ్డు కుంట తూము మీదుగా పోవుచున్నది, నూరు గజములు ఉత్తరమునకు జరిపినచో బంజరులో పోవును అని వ్రాసినచో విచారించువానికి పనికివచ్చును. జరుపబడిన గీత వేరొక పేదవాని చేనిపై పడుచున్నదేమో గూడ ఆ బల్ల దగ్గరనే చూచుకొనవలెను. ఇందులో తగవులు రాకుండ ఉండవు. అన్నదమ్ముల గట్టు తగవులే పటముమీదికి ఎక్కును. కలెక్టరు కార్యాలయము ఎదుట ధర్నాలో కూర్చుండి తేల్చుకొనుటకంటె గ్రంథాలయపు బల్ల దగ్గర తేల్చుకొనుట మేలు.

వ్రాసిన అభ్యంతరమునకు రెండు ప్రతులుండవలెను. ఒకటి కార్యాలయమున దాఖలు చేసి, రెండవదానిపై ముద్రయు తేదీయు వేయించుకొని తెచ్చి భద్రపరుపవలెను. విచారణకు పిలిచిన దినమున ఆ ప్రతి చేతనుండవలెను. ఇరువదియైదేండ్ల పత్రికలను కట్టలు కట్టి దాచిన గ్రంథాలయపు బీరువాలో ఆ కాగితములకు ఒక అర ఖాళీ చేసినచో చాలును.